గ్వాంగ్‌జౌలో ఒక సమాధి ముందు

చైనా ప్రయాణం ఖాయమైన నాటి నుండి మమ్మల్ని కలిసిన ప్రతివారూ ఒకే మాట చెప్పసాగారు. విద్య కోసం చైనా వరకైనా వెళ్ళమని ప్రవక్త మహనీయులు (స) సెలవిచ్చారట, ఆ భాగ్యం మాకు దక్కిందట. మదర్సాలో పాతికేళ్ళకు పైగా హదీసు బోధిస్తున్న మాకు ఆ మాట విన్నప్పుడల్లా ఇబ్బందిగానే ఉండేది. ఆ వాక్యపు పరంపర బలహీనమైనదని ఇమామ్ బైహఖీ (రహ్మలై) చెప్పారు. ఇబ్నుల్ జౌజీ (రహ్మలై) అయితే దానిని కల్పిత హదీసుల గ్రంథంలోనే చేర్చారు. కానీ ప్రేమతో సాగనంపడానికి వచ్చినవారికి గుమ్మంలో నిలబెట్టి సనదు పాఠం చెప్పడం మర్యాద కాదు. ఇంటికి వచ్చినవారి ముందు చిరునవ్వుతో ఊరుకుని, మరునాడు తరగతిలో విద్యార్థులకు మాత్రం సంగతి వివరించాము.

నిజానికి మేము బయలుదేరింది విద్యార్జన కోసం కాదు, మా మేనల్లుడికి తోడుగా. అతనికి చీరాలలో విద్యుద్దీపాలు, వైర్లు, స్విచ్చులు అమ్మే దుకాణం ఉంది. గ్వాంగ్‌జౌ నగరంలో 1957 నుండి ఏటా వసంతంలో ఒకసారి, శరత్తులో ఒకసారి జరిగే పెద్ద వర్తక ప్రదర్శనకు వెళ్ళాలని అతని చిరకాల కోరిక. ఒంటరిగా పంపడానికి మా చెల్లెలికి మనసొప్పలేదు. అక్కడ హలాల్ భోజనం దొరుకుతుందో లేదో, ఖిబ్లా దిశ ఎవరు చెబుతారో అని ఆమె దిగులు. "భయ్యా, మీరు వెంట ఉంటే నాకు నిద్ర పడుతుంది" అంది. మరొక పని కూడా అప్పగించింది. "అక్కడ హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) సమాధి ఉందట కదా. నా తరఫున సలాం చెప్పండి, ఒక ఫోటో పంపండి." ఆమె మనవడి పేరు సాద్. ఏడు నెలల పసివాడు. ఆ పేరు చెవిలో చెప్పి పెట్టింది మేమే.

హైదరాబాదు నుండి కౌలాలంపూరు, అక్కడి నుండి గ్వాంగ్‌జౌ. ఆంగ్లేయులు కాంటన్ అని పిలిచిన నగరం ఇదే. అరబ్బు నావికులు దీనిని ఖాన్‌ఫూ అనేవారు. ముత్యాల నది అని చైనీయులు పిలుచుకునే నది నగరం మధ్యగా పారి దక్షిణ సముద్రంలో కలుస్తుంది. రేవు అనుకుని వెళ్ళిన మాకు మొదట కనిపించింది మాత్రం ఆకాశాన్ని కమ్మేసిన భవనాలు. ఇక్కడ నోట్లు ఎవరూ తీసుకోరన్నది రెండో ఆశ్చర్యం. బత్తాయిలు అమ్మే ముసలమ్మ సైతం బుట్టకు తగిలించిన గళ్ళ చీటీని చూపించింది. దానిని ఫోనుతో చూస్తే డబ్బు వెళ్ళిపోతుంది. మన ఊళ్ళలోనూ ఇప్పుడు ఇదే రివాజు కనుక మేనల్లుడు తడబడలేదు. మేము జేబులోని నోట్లను భద్రంగా వెనక్కి తెచ్చుకున్నాము.

భోజనం దిగులు మొదటి పూటే తీరిపోయింది. వీధి మొగన ఒక చిన్న హోటలు పైన ఆకుపచ్చ అక్షరాలతో అరబీలో "హలాల్" అని, పక్కన రెండు చైనా అక్షరాలు ఉన్నాయి. ఆ రెండింటిని "ఛింగ్‌జెన్" అని చదువుతారట. "నిర్మలము, సత్యము" అని అర్థం. ఇస్లాంకూ, మస్జిదుకూ, హలాల్ వంటకూ ఈ దేశపు ముస్లింలు తరతరాలుగా ఈ ఒక్క మాటనే వాడుతున్నారు. లోపల తెల్ల టోపీ పెట్టుకున్న యువకుడు పిండి ముద్దను రెండు చేతులా సాగదీసి, మడిచి, మళ్ళీ సాగదీసి, చూస్తుండగానే సన్నని దారాలుగా మార్చి మరిగే నీళ్ళలో వేశాడు. పైన ఆవు మాంసపు రసం. మా సలాము వినగానే అతని ముఖం విప్పారింది. తాను వాయవ్యాన ఉన్న ఛింగ్‌హాయ్ వాడినని ఫోనులోని అనువాదంతో చెప్పాడు. ఆ తరువాత మా పూటలన్నీ అక్కడే గడిచాయి.

మొదటి సాయంత్రం మేనల్లుడు మమ్మల్ని కాంటన్ టవరుకు తీసుకెళ్ళాడు. 2010లో ఆసియా క్రీడల సమయానికి సిద్ధమైన ఈ ఉక్కు గోపురం ఎత్తు 600 మీటర్లు. డచ్చి దేశపు వాస్తుశిల్పుల ఊహ. అడుగున వెడల్పుగా మొదలై, నడుమ సన్నబడి మెలి తిరిగి, పైన మళ్ళీ విచ్చుకుంటుంది. స్థానికులు దీనిని "సన్న నడుము" అని ముద్దుగా పిలుచుకుంటారట. చీకటి పడగానే ఒళ్ళంతా దీపాలు వెలిగి, రంగులు మారసాగాయి. దీపాల వ్యాపారి అయిన మా మేనల్లుడికి అది గోపురంలా కనిపించలేదు, దుకాణంలా కనిపించింది. ఆ దీపాలు ఏ రకమో, ఎంత కరెంటు తాగుతాయో లెక్క వేస్తూ నిలబడ్డాడు.

400 మీటర్లకు పైనున్న అంతస్తు నుండి చూస్తే నది ఒక నల్లని పట్టీలా, దాని మీది పడవలు మిణుగురుల్లా ఉన్నాయి. ఆవలి ఒడ్డున నీటి ఒరవడికి నునుపుదేరిన రెండు గులకరాళ్ళలాంటి భవనం కనిపించింది. అది నగరపు సంగీత నాటకశాల. దానిని రూపొందించిన జహా హదీద్ బాగ్దాదులో పుట్టిన మహిళ. పూర్వం ఇరాకు నుండి బస్రా రేవు మీదుగా ఓడలు ఈ నదిలోకే వచ్చేవి. వెయ్యేళ్ళు దాటాక ఇరాకు బిడ్డ గీసిన గీతలు అదే నది ఒడ్డున భవనమై నిలిచాయి. ఆమె మీద గాని, ఆ నాటకశాల మీద గాని మాకు ప్రత్యేకమైన అభిమానం లేదు. కానీ ఆ దారి ఎంత పాతదో తలచుకుంటే ఒళ్ళు గగుర్పొడిచింది. అంత ఎత్తు నుండి పాత మస్జిదు మినారు కనబడుతుందేమోనని వెదికాము. భవనాల అడవిలో దాని జాడ లేదు.

మరునాడు మేనల్లుడు ప్రదర్శనలో ఉండగా మేము ఒక్కరమే యూషియూ కొండ మీది ఉద్యానానికి వెళ్ళాము. అక్కడ అయిదు మేకల రాతి విగ్రహం ఉంది. కరువు కాలంలో అయిదుగురు దివ్యపురుషులు మేకలపై వచ్చి వరి కంకులు ఇచ్చి వెళ్ళారని నగరవాసుల గాథ. అందుకే దీనికి మేకల నగరమని పేరు. కొండ పైన 1380లో కట్టిన జెన్‌హాయ్ బురుజు, ఎర్రని అయిదు అంతస్తులు, ఇప్పుడు నగర చరిత్ర ప్రదర్శనశాల. పేరుకు "సముద్రాన్ని శాసించే బురుజు" అయినా అక్కడి నుండి ఇప్పుడు సముద్రం కాదు గదా, నది కూడా సరిగా కనబడదు. కొండ కింద సన్ యట్-సేన్ స్మారక మందిరం, 1931 నాటిది. అంత పెద్ద సభాభవనంలో చూపుకు అడ్డంగా ఒక్క స్తంభం లేదు. నీలి పెంకుల కప్పు మాత్రం మనసులో నిలిచిపోయింది.

మేము చూడగోరిన హుఆయ్‌షెంగ్ మస్జిదు నగరం పాత భాగంలో ఉంది. ఆ పేరుకు "మహనీయుని స్మరించుట" అని అర్థం. ఆ మహనీయుడు మన ప్రవక్త (స). ఆ వీధి పేరే గ్వాంగ్‌తా, అంటే దీపస్తంభపు వీధి. ద్వారం, ఆవరణ, ఎర్రని గోడలు, కొసలు పైకి తిరిగిన పెంకుల కప్పులు అన్నీ చైనా పద్ధతి. వాటి పక్కన 36 మీటర్ల మినారు మాత్రం ఏ దేశపు పద్ధతికీ చెందనట్టు, నునుపైన తెల్లని గుండ్రని స్తంభంలా లేచి ఉంది. అంతస్తులు లేవు, చెక్కడాలు లేవు. లోపల ఒకదానినొకటి తాకకుండా తిరిగే రెండు మెట్ల వరుసలు ఉన్నాయని చెప్పారు. ఇది రాత్రి వేళ నది మీది ఓడలకు దీపస్తంభంగా ఉండేది. ఆ రోజుల్లో నది ఒడ్డు ఇంత దూరం లేదు, మస్జిదుకు దగ్గరలోనే ఉండేది.

ఈ మినారును 1192లో యూ కే అనే చైనీయుడు బాల్యంలో చూసి, పెద్దయ్యాక తన జ్ఞాపకాల గ్రంథంలో వర్ణించాడు. అప్పటికి ఢిల్లీలో కుతుబ్ మినారుకు పునాది కూడా పడలేదు. ఆయన ముస్లిం కాడు. విదేశీయుల పట్ల పెద్ద గౌరవమూ చూపలేదు. అయినా చూసింది చూసినట్టు రాశాడు. శిఖరాన గాలి వాలును చూపే బంగారు కోడి ఉండేదట. ఒక దొంగ పైకెక్కి దాని కాలు కోసుకుని, రెండు గొడుగుల సాయంతో కిందికి దూకి తప్పించుకున్నాడట. అది చదివిన మేనల్లుడు చాలాసేపు నవ్వాడు. మమ్మల్ని కదిలించింది మరొక వాక్యం. ఓడలు రావలసిన వేసవి మాసాల్లో ఆ విదేశీయులు మినారు ఎక్కి దక్షిణపు గాలి కోసం బిగ్గరగా ప్రార్థించేవారట. ఎవరి కొడుకు ఓడలో ఉన్నాడో, ఎవరి అన్న తిరిగి వస్తున్నాడో. వారి పేర్లు యూ కే రాయలేదు, ఎవరూ రాయలేదు. వారి దుఆ మాత్రం ఒక పరాయివాని పుస్తకంలో మిగిలింది.

మస్జిదు 1343లో కాలిపోగా 1350లో మళ్ళీ కట్టారు. ఆ సంగతి చెక్కిన శిలాఫలకం మీద చైనా, అరబీ రెండు లిపులూ ఉన్నాయి. 1695లో మరొకసారి పునర్నిర్మించారు. ఇప్పటి నమాజు హాలు గత శతాబ్దానిది. ప్రవేశ మార్గంలోనే నెలవంకను చూడటానికి కట్టిన చిన్న మేడ ఉంది. రమజాను చంద్రుని కోసం తరతరాలు ఆ మేడ మీద మెడలు సాచి నిలబడ్డాయి. చుట్టూ లేచిన భవనాల మధ్య ఇప్పుడు ఆ మేడ మీది నుండి ఎంత ఆకాశం కనబడుతుందో మాకు అనుమానమే. ఆవరణలో జాతీయ పతాకం, గోడ మీద ప్రభుత్వ నియమాల బోర్డు ఉన్నాయి. ఈ దేశపు పశ్చిమాన ఉన్న ముస్లిం సోదరుల స్థితిగతులు అడగాలని మనసులో ఎంతో ఉన్నా ఎవరినీ అడగలేదు. అతిథి అడిగిన ప్రశ్నకు ఆతిథేయుడు మూల్యం చెల్లించే పరిస్థితి రాకూడదు.

ఇక జుమా రోజు. సాద్ (రజి) సమాధిగా ప్రసిద్ధమైన స్థలం రైల్వే స్టేషనుకు దగ్గరలో, చెట్ల నీడలో ఉంది. పక్కనే షియాన్‌షియాన్ మస్జిదు, అంటే పూర్వ పుణ్యపురుషుల మస్జిదు. ఆ రోజు అక్కడ కనిపించిన జనసందోహాన్ని మేము హజ్జులో తప్ప మరెక్కడా చూడలేదు. ఆఫ్రికా వర్తకులు, యెమెనీలు, బంగ్లాదేశీయులు, పాకిస్తానీలు, చైనా హుయీ ముస్లింలు భుజం భుజం కలిపి నిలబడ్డారు. హాలు చాలక ఆవరణలో, చెట్ల కింద చాపలు పరిచారు. ప్రసంగం చైనా భాషలో సాగింది. ఖుత్బా మాత్రం అరబీలో. ఆ ఒక్క భాషే అక్కడి వారందరినీ కలిపింది.

నమాజు తరువాత సమాధి దగ్గరకు నడిచాము. గుమ్మటం ఉన్న చిన్న ఇటుక గది, తల వంచి వెళ్ళవలసిన ద్వారం. లోపల మాట్లాడితే గుమ్మటం ఆ మాటను తిరిగి పలుకుతుంది. అందుకే స్థానికులు దీనిని "ప్రతిధ్వనించే సమాధి" అంటారు. చుట్టూ మరెన్నో సమాధులు, నాచు పట్టిన రాళ్ళు, వాటి మీద అరబీ అక్షరాలు. మేనల్లుడు లోపలికి వెళ్ళకముందే వీడియో తీశాడు. దాని కింద "హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) గారి పవిత్ర సమాధి" అని రాసి, పంపే ముందు మాకు చూపించాడు.

"మామూ, పంపేదా?"

"ఆ పేరు తీసెయ్యి నాయనా" అన్నాము.

అతని ముఖం వాడిపోయింది. "బోర్డు మీద ఉంది మామూ. ఇన్ని వేలమంది వస్తున్నారు. వీళ్ళందరూ అబద్ధం చెబుతున్నారా?"

అక్కడే రాతి అరుగు మీద కూర్చుని అతనికి వివరించాము. సాద్ (రజి) బ్రతికి ఉండగానే స్వర్గ శుభవార్త పొందిన పదిమందిలో ఒకరు. దైవమార్గంలో మొట్టమొదటి బాణం వదిలినవారు. ఖాదిసియా యుద్ధంలో సేనాధిపతి, కూఫా నగర నిర్మాత. ఆయన కన్నుమూసింది మదీనాకు సమీపంలోని అఖీఖ్ లోయలో. జనం భుజాల మీద మదీనాకు మోసుకొచ్చారు. విశ్వాసుల మాత ఆయిషా (రజి) తాము కూడా జనాజా నమాజు చేయగలిగేలా ఆయన దేహాన్ని మస్జిదులోకి తెమ్మన్నారని సహీహ్ ముస్లింలో ఉంది. తన సమాధి ఎలా తవ్వాలో, పైన ఇటుకలు ఎలా పేర్చాలో ఆయన చివరి రోజుల్లో చేసిన వసీయతు కూడా ఆ గ్రంథంలోనే ఉంది. ఖననం జరిగింది బఖీలో. ఇది ఒక ఊరి గాథ కాదు. పేరు పేరునా తెలిసిన మనుషులు ఒకరి నుండి ఒకరు విని అందించిన వార్త. చైనా చరిత్రకారులు తమ వంతుగా రాసుకున్నదీ ఉంది. అరబ్బుల తొలి రాయబారి 651లో, అంటే ఉస్మాన్ (రజి) ఖిలాఫతు కాలంలో, తాంగ్ చక్రవర్తి కొలువుకు వచ్చాడని వారు నమోదు చేశారు. ఆ రాయబారి సాద్ (రజి) అని ఆ పుటల్లో లేదు.

"అయితే లోపల ఉన్నది ఎవరు?" అన్నాడు.

ఆ ప్రశ్నకు మా గ్రంథాలలో జవాబు లేదు. ఆ సమయంలో గుమ్మం ముందు రాలిన ఆకులను ఊడుస్తున్న ఒక వృద్ధుడు మా వైపు చూసి, చీపురు పక్కన పెట్టి, అరబీలో పలకరించారు. పుస్తకాలతో నేర్చిన అరబీ. మాదీ అదే. సంతలో కూరగాయలు బేరమాడటానికి పనికిరాని ఆ భాషలో ఇద్దరు ముసలివాళ్ళం గంటన్నర మాట్లాడుకున్నాము. ఆయన వయసు డెబ్బై దాటింది. యువకుడుగా ఉన్నప్పుడు వాయవ్య ప్రాంతంలోని ఒక మస్జిదులో చదువుకున్నారట. అక్కడ మౌల్వీని "అహోంగ్" అంటారు. ఫార్సీలోని ఆఖూంద్ అన్న మాటే అలా మారింది. నమాజును వారు కూడా నమాజే అంటారు. జుహర్‌ను పేషీన్ అని, మగ్రిబ్‌ను షామ్ అని, ఇషాను ఖుఫ్తన్ అని ఫార్సీ పేర్లతో పిలుస్తారు. స్నేహితుడిని దోస్త్ అంటారు. ఇవి వింటుంటే మా అమ్మమ్మ ఇంటి వరండాలో కూర్చున్నట్టనిపించింది.

ఏయే గ్రంథాలు చదివారని అడిగాము. వ్యాకరణంలో ముల్లా జామీ, అలంకారశాస్త్రంలో ముఖ్తసరుల్ మఆనీ, ఫిఖ్‌హ్‌లో వికాయా, తఫ్సీరులో జలాలైన్, ఫార్సీలో సాదీ గులిస్తాన్ అని వేళ్ళు మడుస్తూ చెప్పారు. ఒక్కొక్క పేరుకూ మా గుండె ఆగి ఆగి కొట్టుకుంది. ముల్లా జామీతో మేము పదహారో ఏట కుస్తీ పట్టాము. ఈ ఏడు మా విద్యార్థులు పడుతున్నారు. 16వ శతాబ్దంలో హు దెంగ్‌జౌ అనే పండితుడు షాన్‌షీ ప్రాంతంలో మస్జిదు చదువులకు నాంది పలికారు. ఆ సంప్రదాయంలో రూపొందిన పాఠక్రమమూ, హిందూస్తానంలో దర్సె నిజామీ పేరిట స్థిరపడిన పాఠక్రమమూ ఇన్ని గ్రంథాల దగ్గర కలుస్తాయని మేము చదివి ఉన్నాము. కానీ చదవడం వేరు. మాకు తల నెరిపించిన అధ్యాయమే తనకూ తల నెరిపించిందని ఒక చైనా వృద్ధుడు నవ్వుతూ చెబుతుంటే వినడం వేరు.

చివరకు మేనల్లుడి ప్రశ్నను ఆయన ముందుంచాము. ఆయన ఏమీ నొచ్చుకోలేదు. సహీహ్ ముస్లిం తానూ చదివానన్నారు. "మా తాత ఈ సమాధి సాద్ (రజి)దే అనేవాడు. తాతను అబద్ధీకుడనలేను, ఇమామ్ ముస్లిం (రహ్మలై)ను కాదనలేను. లోపల ఒక మనిషి ఉన్నాడు. సముద్రం దాటి వచ్చి తిరిగి వెళ్ళలేదు. మాకు నమాజు నేర్పినవారిలో ఒకడు. పేరు అల్లాహ్‌కు తెలుసు" అని మళ్ళీ చీపురు అందుకున్నారు.

మేము మేనల్లుడిని పక్కకు తీసుకెళ్ళి మరికొంత చెప్పాము. అతనికి ఊరట కోసం కాదు, మాకే ఆ మాటలు అవసరమయ్యాయి. హిజ్రీ 237లో, అంటే 851లో, చైనా, హిందూ దేశాల సమాచారాన్ని వర్ణించిన అరబీ గ్రంథం ఒకటి వెలువడింది. అందులో ఈ ఖాన్‌ఫూ నగరపు ముస్లింల ముచ్చట ఉంది. ముస్లింల తగవులు తీర్చడానికి చైనా పాలకుడే ఒక ముస్లింను నియమించేవాడు. ఆయన పండుగ నమాజు చేయించేవాడు, ఖుత్బా ఇచ్చేవాడు. ఆయన పేరు ఆ గ్రంథంలో లేదు. తరువాత 879లో హువాంగ్ చావో తిరుగుబాటు సేనలు ఈ నగరాన్ని పట్టుకుని పరదేశీ వర్తకులను ఊచకోత కోశాయి. ముస్లింలు, యూదులు, క్రైస్తవులు, అగ్ని ఆరాధకులు కలిపి 1,20,000 మంది హతులయ్యారని సీరాఫ్ వాసి అబూ జైద్ రాశాడు. ఆ సంఖ్యలో అతిశయం ఉందన్నా, ఒక్కరి పేరైనా మిగలలేదన్నది నిజం. అయినా కొన్నాళ్ళకు మళ్ళీ ఓడలు వచ్చాయి, మళ్ళీ మినారు మీద దుఆ వినిపించింది.

ఆ ఓడలు మన తీరాలను తాకుతూ పోయినవే. మా చీరాల పక్కనున్న మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయ శాసనం ఉంది. అంతకు ముందు రాజులు తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాక్కునేవారు. తాను నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోనని ఆయన సముద్ర వర్తకులకు మాట ఇచ్చాడు. ఆ శాసనంలోని సరుకుల పట్టికలో చీనీ కర్పూరం కూడా ఉంది. దానిని మోసుకొచ్చిన కళాసీల పేర్లు లేవు. మన తీరప్రాంతపు ముస్లిం కుటుంబాలలో వంశవృక్షం తిరగేస్తే ప్రతివారూ ఏదో ఒక గొప్ప అరబ్బు వంశానికి చేరుకుంటారు. తెరచాప తాడు లాగిన కళాసీ, మిరియాలు తూచిన గుమాస్తా ఎవరికీ పూర్వీకులు కారు! ఒక పెద్ద పేరు తెచ్చి సమాధి మీద పెడితే ఆ పెద్దాయనకు ఒరిగేది లేదు. ఆయన ఘనత బఖీలో భద్రంగా ఉంది. నష్టపోయేది లోపల పడుకున్నవాడే. ఇంటినీ ఊరినీ వదిలి వచ్చి, పరాయి మట్టిలో కలిసిపోయి, చివరకు తన పేరిట ఒక సలాము కూడా దక్కకుండా పోయాడు.

ఇద్దరం మళ్ళీ తల వంచి లోపలికి వెళ్ళాము. సమాధులవారికి చెప్పవలసిన సలాము చెప్పాము. గుమ్మటం దానిని తిరిగి పలికింది. ఎవరో ఒక ఆఫ్రికా సోదరుడు మూలన కూర్చుని కన్నీరు కారుస్తూ దుఆ చేసుకుంటున్నాడు. ఆయన ఎవరి ముందు కూర్చున్నాననుకుంటున్నాడో మేము అడగలేదు, చెప్పనూ లేదు. అది మాకు అప్పగించిన పని కాదు. మా చెల్లెలికి చెప్పడం మాత్రం మా పనే.

మేనల్లుడు వీడియో కింది రాతను చెరిపి, "గ్వాంగ్‌జౌలో ఇస్లాం తొలి బాటసారుల సమాధులు" అని రాసి పంపాడు. పావుగంటలో ఫోను మోగింది.

"భయ్యా, సాద్ (రజి) గారి పేరు లేదేం?" అంది మా చెల్లెలు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాము. అవతల కొంతసేపు మౌనం. ఆమె చిన్నబుచ్చుకుందని తెలుస్తూనే ఉంది. ఇరుగుపొరుగుకు అప్పటికే చెప్పేసిందట.

"మరి నా సలాము ఎవరికి ఇచ్చారు?"

"అక్కడ ఉన్న ఆయనకే ఇచ్చామమ్మా. పేరు తెలియదు."

"పాపం, ఆయనకు మాత్రం ఎవరున్నారు" అని కాసేపాగి, మా ఇంటి వెనుక వీధివారు రజబ్‌లో ఉమ్రాకు వెళుతున్నారని, మదీనాలో బఖీ దగ్గర సాద్ (రజి) గారికి తన సలాము వారి చేత చెప్పిస్తానని అంది. తరువాత అన్నం దొరుకుతోందా అని, కొడుకు వేళకు తింటున్నాడా అని అడిగింది. పసివాడికి కింది చిగురులో మొదటి పన్ను తెల్లగా కనిపిస్తోందని, వేలు పెడితే కొరుకుతున్నాడని చెప్పి ఫోను పెట్టేసింది.